స్క్రీన్ మీద నేర్చుకుని వాగులో దిగారు: నార్తర్న్ వర్జీనియా తెలుగు బ్యాచ్ కేస్ స్టడీ

వాగు అడుగున బతికే పురుగుల్ని లెక్కపెట్టి ఆ వాగు ఆరోగ్యం తెలుసుకోవడం వాలంటీర్లకి ఎలా నేర్పామో ఇది. ముందు ఒక లెక్క చూపిస్తాను. మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇది ట్రైనింగ్ కోసం నేను తయారు చేసుకున్న ప్రాక్టీస్ షీట్, ఏ వాగు డేటా కాదు. వలలో మొత్తం 200 పురుగులు పడ్డాయనుకోండి. (స్టోన్‌ఫ్లై, మేఫ్లై, క్యాడిస్‌ఫ్లై, మిడ్జ్ అంటే నీళ్ళలో పెరిగి, ఎదిగాక రెక్కలొచ్చి ఎగిరిపోయే పురుగుల రకాలు.) స్టోన్‌ఫ్లైలు 6, మేఫ్లైలు 24, నెట్‌స్పిన్నర్ క్యాడిస్‌ఫ్లైలు 70, మిగతా రకాల క్యాడిస్‌ఫ్లైలు 30, పెంకుపురుగులు 12, మిడ్జ్ లార్వాలు 48, వానపాముల్లాంటి సన్నటి నీటి పురుగులు 8, మొప్పలు లేకుండా ఊపిరితిత్తితో గాలి పీల్చే రకం నత్తలు 2. వర్జీనియాలో వాలంటీర్లు వాడే సేవ్ అవర్ స్ట్రీమ్స్ పద్ధతిలో ఆరు కొలతలుంటాయి, ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు. ఈ షీట్‌కి 12కి 7 వస్తుంది, అంటే వాగు పరిస్థితి బాగాలేదని. ఇప్పుడు అదే షీట్‌లో నెట్‌స్పిన్నర్ అని రాసిన 70లో ఒక పది నిజానికి దాని దగ్గరి చుట్టం ఫింగర్‌నెట్ క్యాడిస్‌ఫ్లై అనుకోండి. 70 కాస్తా 60 అవుతుంది, 30 కాస్తా 40 అవుతుంది, స్కోరు 9కి ఎక్కుతుంది. 9 అంటే వాగు ఫరవాలేదని. మధ్యలో 8 అనేది ఎటూ తేల్చని గడి, దాన్ని కూడా దాటేసి అవతల పడ్డాం.

200లో పది. మనిషి గోరంత కూడా లేని పది పురుగుల పొట్ట కింద మొప్పలున్నాయా లేవా అన్నది సరిగ్గా చూశారా లేదా, అంతే తేడా. వాలంటీర్లకి ఇచ్చే ట్రైనింగ్ ఈ పది పురుగుల మీద పని చేయకపోతే మిగతాది ఎంత బాగా చెప్పినా ఆ డేటా మీద ఎవరూ ఆధారపడలేరు. ఈ లెక్కని మధ్యలో పెట్టుకుని లౌడౌన్, ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీల్లో ఉండే తెలుగు కుటుంబాల బ్యాచ్ ఒకదానికి చలికాలమంతా ఆన్‌లైన్‌లో నేర్పి, వసంతంలో వాగులో దింపాం. ఏం పని చేసింది, ఏది స్క్రీన్ మీద అస్సలు రాలేదు, వాగు ఏం చెప్పింది అన్నది వివరంగా రాస్తున్నాను, ఇలాంటి పని మొదలుపెట్టాలని అడిగేవాళ్ళకి ప్రతిసారీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే ఇది నయం.

పురుగులే ఎందుకు

సీసాలో పట్టిన నీళ్ళు ఆ క్షణం సంగతే చెప్తాయి. రాత్రి ఎవరో పెయింట్ డబ్బాలు కడిగి వాననీటి కాలవలో పోశారనుకోండి, తెల్లారేసరికి ఆ నీళ్ళు పోటోమాక్ నది వైపు వెళ్ళిపోయి ఉంటాయి, పొద్దున పదింటికి మనం సీసా ముంచితే అన్నీ మామూలుగానే కనిపిస్తాయి. రాయి కింద అంటిపెట్టుకుని ఉన్న స్టోన్‌ఫ్లై లార్వా ఎక్కడికీ పోలేదు. అది నెలల తరబడి, కొన్ని రకాలైతే ఏడాదికి పైగా, అదే నీళ్ళలో ఊపిరి పీలుస్తూ ఉంటుంది. దానికి చల్లటి నీళ్ళు కావాలి, ఆక్సిజన్ దండిగా కావాలి, రాళ్ళ మధ్య సందులు మట్టితో పూడిపోకుండా ఉండాలి. వీటిలో ఒక్కటి తగ్గినా ముందు పోయేది అదే. మిడ్జ్ లార్వాలు, నీటి వానపాములు, ఊపిరితిత్తి నత్తలు ఎలాగోలా బతికేస్తాయి. అందుకే ఎవరు మిగిలారు, ఎవరు పోయారు, ఎవరు మరీ ఎక్కువైపోయారు అని లెక్క కడితే ఆ వాగు గడిచిన ఏడాదంతా ఎలా బతికిందో తెలుస్తుంది.

ఈ ప్రాంతంలో ఈ లెక్కకి బరువు ఎంతుందో చెప్పడానికి అకోటింక్ క్రీక్ చాలు. ఫెయిర్‌ఫ్యాక్స్ ఇళ్ళ మధ్య నుంచి, మాల్స్ పక్క నుంచి పారే వాగు అది. దాన్ని దెబ్బతిన్న వాగుల జాబితాలో చేర్చింది అడుగున ఉండే ఈ పురుగుల లెక్క చూసే. 2011లో ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ, వానపడినప్పుడు రోడ్ల మీంచి వచ్చిపడే నీటి పరిమాణానికే హద్దు పెట్టబోయింది. రాష్ట్ర రవాణా శాఖ, ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ కోర్టుకెళ్ళాయి. 2013 జనవరిలో ఫెడరల్ జడ్జి, నీటి ప్రవాహమే కాలుష్య పదార్థం కాదు కాబట్టి అలా హద్దు పెట్టే అధికారం చట్టంలో లేదని కొట్టేశారు. ఆ తర్వాత రాష్ట్ర పర్యావరణ శాఖ డీఈక్యూ మళ్ళీ మొదటి నుంచి కారణాలు వెతికి, మట్టి, ఉప్పు అని రెండిటి మీద పడింది. ఉప్పు అంటే మంచు కురిసినప్పుడు రోడ్ల మీద, పార్కింగ్ లాట్లలో చల్లే ఉప్పే. వాగు అడుగున పురుగులు ఎందుకు తగ్గాయన్న ప్రశ్న కోర్టు దాకా, చివరికి మన ఇంటి ముందు చల్లే ఉప్పు బస్తా దాకా వచ్చింది. ఇదంతా బ్యాచ్‌కి మొదటి సాయంత్రమే చెప్పాను, ఎందుకంటే సర్వీస్ అవర్స్ (స్కూలు కోసం చేసే సేవా గంటలు) కోసం వచ్చిన పిల్లలకి ఈ పని కాలక్షేపం కాదని తెలియాలి.

ఒక మాట స్పష్టంగా ఉండాలి. వాలంటీర్ లెక్క డీఈక్యూ లెక్కకి బదులు కాదు. వాళ్ళ బయాలజిస్టులు పురుగుని ల్యాబ్‌లో కుటుంబం (జీవుల వర్గీకరణలో ఫ్యామిలీ) స్థాయి దాకా గుర్తించి వర్జీనియా స్ట్రీమ్ కండిషన్ ఇండెక్స్ అని 100కి స్కోరు వేస్తారు, అందులో 60 దగ్గర గీత ఉంటుంది, అంతకంటే తగ్గితే దెబ్బతిన్న వాగని లెక్క. మనది వాగు ఒడ్డునే, బతికున్న పురుగులతో, స్థూలమైన గుంపుల స్థాయిలో చేసే పని. కానీ రాష్ట్రంలో ప్రతి వాగు దగ్గరికీ వాళ్ళు వెళ్ళలేరు, ఎక్కడ చూడాలో చెప్పేవాళ్ళు కావాలి. ఐజాక్ వాల్టన్ లీగ్ అనే ప్రకృతి సంరక్షణ సంఘం సేవ్ అవర్ స్ట్రీమ్స్‌ని 1969లో మొదలుపెట్టింది, అంటే క్లీన్ వాటర్ యాక్ట్ వచ్చిన 1972 కంటే ముందే మామూలు జనం వాగుల్లో దిగి లెక్క పెట్టడం మొదలైంది.

బ్యాచ్

హైస్కూల్ పిల్లలు కొందరు, వాళ్ళ అమ్మానాన్నలు (ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ వాళ్ళే), చలికాలంలో ఇక్కడే ఉండిపోయిన తాతగార్లు, అమ్మమ్మలు ఇద్దరు ముగ్గురు. ఒకావిడ చెల్లెలు విశాఖ వైపు డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్, తనూ వింటానని అడిగింది. మాకు రాత్రి ఎనిమిదైతే తనకి పొద్దున ఆరున్నర. కాలేజీకి బయల్దేరే ముందు కాఫీ పక్కన పెట్టుకుని కూర్చునేది, ఒక్క క్లాసు కూడా మానలేదు.

2020లో ఫీల్డ్ వర్క్‌షాప్‌లు ఆగిపోయినప్పుడు ఇలాంటి ప్రోగ్రామ్‌లు చాలావరకు క్లాసు భాగాన్ని ఆన్‌లైన్‌లోకి తెచ్చాయి. అప్పట్లో తప్పక చేసిన పని, ఇప్పుడు నేనైతే కావాలనే చేస్తాను. కారణం సింపుల్. శనివారం రోజంతా జరిగే వర్క్‌షాప్‌కి పిల్లల స్విమ్మింగ్, మ్యూజిక్ క్లాసుల మధ్య ఈ కుటుంబాలు రావు, వచ్చినా ఒక్కరే వస్తారు. వారానికి ఒక సాయంత్రం గంటన్నర అంటే ఇల్లంతా ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుంది, మోకాళ్ళ నొప్పులతో వాగులో దిగలేని పెద్దవాళ్ళు కూడా. పైగా తెలుగులో చెప్పొచ్చు. పురుగుల పేర్లు ఇంగ్లిషువే, అవి షీట్ మీద అలాగే రాయాలి, కానీ ఎందుకు, ఎలా, ఏం చూడాలి అన్నది తెలుగులో చెప్తే పెద్దవాళ్ళూ ప్రశ్నలు వేశారు, అసలు మంచి ప్రశ్నలన్నీ వాళ్ళ దగ్గర నుంచే వచ్చాయి.

స్క్రీన్ మీద ఏం నేర్పాం

సాధారణంగా ఈ పాఠం వర్గీకరణ వరసలో నడుస్తుంది, ముందు మేఫ్లైలు, తర్వాత స్టోన్‌ఫ్లైలు, ఆ తర్వాత క్యాడిస్‌ఫ్లైలు అలా. నేను ఆ వరస పక్కన పెట్టి జంటల వారీగా నడిపాను. ఏ రెండు ఒకదానికొకటి పొరపాటు పడతాయో ఆ రెండూ ఒకే సాయంత్రం పక్కపక్కన.

మొదటి జంట స్టోన్‌ఫ్లై, మేఫ్లై. అందరూ చెప్పే గుర్తు తోకలు: స్టోన్‌ఫ్లైకి రెండు, మేఫ్లైకి మూడు. ఈ గుర్తు మీదే ఆగితే దెబ్బతింటాం, ఎందుకంటే ఎపియోరస్ అనే మేఫ్లైకి తోకలు రెండే, అదీ వేగంగా పారే మంచి వాగుల్లో బాగానే దొరుకుతుంది. మిగతా మేఫ్లైలకి కూడా వలలో ఒక తోక విరిగిపోవడం మామూలే. అందుకని తోకల్ని ఆఖర్న పెట్టాను. ముందు మొప్పలు ఎక్కడున్నాయో చూడాలి. మేఫ్లైకి పొట్ట పక్కల వరసగా ఉంటాయి, నీళ్ళలో పెడితే ఆడుతూ కనిపిస్తాయి. స్టోన్‌ఫ్లైకి పొట్ట పక్కన అలాంటి వరస ఉండదు, చాలా రకాలకి చంకల దగ్గర కుచ్చుల్లా ఉంటాయి. తర్వాత కాలి చివర గోరు, మేఫ్లైకి ఒకటి, స్టోన్‌ఫ్లైకి రెండు. ఈ రెండూ చూశాక తోకలు లెక్కపెట్టుకోవచ్చు.

రెండో జంట మీద అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాను, మొదట్లో చెప్పిన ఆ పది పురుగులు ఇవే. నెట్‌స్పిన్నర్ నీళ్ళలో చిన్న వల అల్లుకుని, కొట్టుకొచ్చే ఆకు ముక్కల్ని, నాచుని పట్టుకు తింటుంది. ఎరువు కొట్టుకొచ్చే ఊరి వాగుల్లో దానికి తిండికి లోటుండదు, విపరీతంగా పెరుగుతుంది. అందుకే అది క్యాడిస్‌ఫ్లై అయినా ఈ పద్ధతిలో దాన్ని మంచి జట్టులోంచి తీసి విడిగా లెక్కపెడతారు. మొత్తంలో 34.5 శాతం దాటితే సున్నా మార్కులు. మిగతా క్యాడిస్‌ఫ్లైలు మాత్రం మేఫ్లైలు, స్టోన్‌ఫ్లైలతో కలిసి మంచి కోటాలోకి వెళ్తాయి, ఆ కోటా 32.2 శాతం దాటితే పూర్తి రెండు మార్కులు. అంటే ఒక పురుగుని పొరపాటుగా రాస్తే ఒకేసారి రెండు కొలతలు కదులుతాయి. గుర్తుపట్టడం ఇలా: నెట్‌స్పిన్నర్ తల వెనక మూడు ఖండాల మీదా గట్టి ముదురు పలకలుంటాయి, ఫింగర్‌నెట్‌కి మొదటి ఖండం మీదే. నెట్‌స్పిన్నర్‌ని వెల్లకిలా తిప్పితే పొట్ట కింద కొమ్మలు కొమ్మలుగా మొప్పలు, ఫింగర్‌నెట్ పొట్ట నున్నగా ఉంటుంది. నెట్‌స్పిన్నర్ వంకీ తిరిగిపోతుంది, తోక చివర వెంట్రుకల కుచ్చులుంటాయి. ఫింగర్‌నెట్ తల నారింజ రంగులో ఉంటుంది కానీ రంగుని నమ్మొద్దని ప్రతిసారీ చెప్పాల్సి వచ్చింది, పిల్లలకి రంగే ముందు కనబడుతుంది.

నత్తల జంట తొందరగా అయిపోయింది. మొన పైకి పట్టుకుని నోరు మన వైపు తిప్పితే, నోరు కుడి పక్కకి ఉండి దానికి మూత ఉంటే మొప్పల నత్త, ఎడమ పక్కకి ఉండి మూత లేకపోతే ఊపిరితిత్తి నత్త. నీళ్ళలో ఆక్సిజన్ లేకపోయినా ఇది పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టే చెడ్డ గుర్తు. దీని గీత చాలా బిగువు, 1.5 శాతం దాటితే సున్నా, అంటే 200లో నాలుగు నత్తలు చాలు. సోబగ్, స్కడ్ జంట (రెండూ రొయ్యల జాతికి చెందిన చిన్న జీవులు) ఇంకా సులువు, సోబగ్ పైనుంచి నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది, స్కడ్ పక్కల నుంచి నొక్కినట్టు ఉండి ఓ పక్కకి ఒరిగి ఈదుతుంది.

ఇవన్నీ ఫొటోల్లో చూపిస్తే సరిపోదు. ఫొటోలకి మంచి సాధనాలున్నాయి, ఈస్టర్న్ నార్త్ అమెరికా నీటి పురుగుల కోసం మాక్రోఇన్‌వర్టిబ్రేట్స్ డాట్ ఆర్గ్ అని ఒక సైటుంది, అందులో ఒక్కో పురుగుని కాలి గోరు కనిపించేదాకా పెద్దది చేసి చూడొచ్చు, ఇంట్లో చదువుకోవడానికి అదే ఇచ్చాను. కానీ వాగు ఒడ్డున మనం చూసేది బతికున్న పురుగుని, బురద నీళ్ళలో, కదులుతుండగా. ఫొటో క్విజ్‌లో దాదాపు అందరూ బాగా చేశారు, అదే వారం అవే రకాలతో వీడియో క్విజ్ పెడితే మార్కులు బాగా పడిపోయాయి. అందుకని తెల్ల ట్రేలో నీళ్ళు పోసి, ఫోన్‌కి చిన్న మాక్రో లెన్స్ తగిలించి తీసిన వీడియోలే అసలు పాఠం చేశాను. కొన్నిసార్లు ఆ మధ్యాహ్నం తెచ్చిన పురుగుల్ని ఐస్ పక్కన గాలి బుడగల పంపుతో ఉంచి సాయంత్రం లైవ్‌లో చూపించి, మర్నాడు అదే చోట వదిలేసేదాన్ని.

కదలికలో ఎంత సమాచారం ఉందో నాకంటే బాగా పట్టుకున్నది కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దాయన. జీవితమంతా వరి చేలో నిలబడ్డ మనిషి. మిడ్జ్ లార్వా, నీటి వానపాము పక్కపక్కన పెట్టి తేడా చెప్పమంటే పిల్లలు జూమ్ చేసి తల వెతుకుతున్నారు, ఆయన వెనక నుంచి "అమ్మా, ఇది కొట్టుకుంటోంది, అది సాగి ముడుచుకుంటోంది, రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నారు. సరిగ్గా అదే. మిడ్జ్ ఒళ్ళంతా ఎనిమిది అంకెలా మెలికలు కొడుతుంది, వానపాము సాగుతూ ముడుచుకుంటూ పోతుంది. "బాబాయ్ గారూ, మీరు చెప్పింది అందరూ నోట్స్‌లో రాసుకోవాలి" అన్నాను, రాసుకున్నారు కూడా. ఆ తర్వాత ప్రతి వీడియోకీ ముందు జూమ్ చేయకుండా కదలిక చూడటం అలవాటైంది.

ఆన్‌లైన్ క్లాసు నడిపే పద్ధతిలో రెండు నియమాలు బాగా పనికొచ్చాయి. ఒకటి, పేరు చెప్పకూడదు, ముందు కారణం చెప్పాలి. "నెట్‌స్పిన్నర్" అంటే జవాబు కాదు, "మూడు పలకలు, పొట్ట కింద మొప్పలు, కాబట్టి నెట్‌స్పిన్నర్" అంటేనే జవాబు. రెండోది, అందరూ చాట్‌లో టైప్ చేసి ఉంచుకుని, నేను మూడు లెక్కపెట్టాక ఒకేసారి పంపాలి. లేకపోతే చురుకైన పిల్ల ఒకతె అందరికంటే ముందు చెప్పేస్తుంది, మిగతావాళ్ళు దాన్నే కాపీ చేస్తారు, ఎవరికి రాదో మనకి తెలియనే తెలియదు. ఒకేసారి పంపితే ఎవరెవరు ఏ జంట దగ్గర తడబడుతున్నారో స్క్రీన్ మీదే కనిపిస్తుంది. నాకు ఆన్‌లైన్ పద్ధతి మీద నమ్మకం కుదిరింది ఇక్కడే, ఎందుకంటే హాల్లో చేతులెత్తమంటే ఇంత స్పష్టంగా ఎప్పుడూ తెలియదు. "తెలియదు" అన్న జవాబుకి మార్కు తగ్గించలేదు. తెలియక ఊహించి రాసేవాడి కంటే తెలియదని పక్కవాడి చేతికి లెన్స్ ఇచ్చేవాడు వాగు ఒడ్డున చాలా విలువైన మనిషి.

లెక్కల దగ్గర సాఫ్ట్‌వేర్ నాన్నలు ఒక్క రాత్రిలో స్ప్రెడ్‌షీట్ చేసేశారు, చక్కగా ఉంది, కానీ ప్రతి ఒక్కరూ ముందు ఒక షీట్‌ని కాగితం మీద చేత్తో వేయాలని పట్టుబట్టాను. మొదట్లో చెప్పిన 7, 9 షీట్ అదే. వాళ్ళకి చెప్పకుండా సగం మందికి 70/30 ఉన్నది, సగం మందికి 60/40 ఉన్నది పంపించి, ఎవరి స్కోరు ఎంతో చెప్పమన్నాను. ఒకే వాగుకి సగం మంది బాగాలేదన్నారు, సగం మంది ఫరవాలేదన్నారు. ఎందుకని వాళ్ళంతట వాళ్ళే వెతుక్కుని ఆ పది పురుగుల దగ్గరికి వచ్చేసరికి గంట దాటింది, క్లాసు టైం అయిపోయినా ఎవరూ లేవలేదు. అప్పటి నుంచి నెట్‌స్పిన్నర్‌ని తిప్పి పొట్ట చూడమని మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

వాగులో

స్క్రీన్ మీద రానిది ఏమిటంటే, వల. వల పట్టే పద్ధతి వీడియోలో చూపించాను, ఇంట్లో దుప్పటి పట్టుకుని ప్రాక్టీస్ కూడా చేయించాను, దాని వల్ల ఎవరు ఎక్కడ నిలబడాలో తెలిసిందంతే. నీళ్ళ ఒత్తిడికి వల ఎలా వెనక్కి లాగుతుందో, అడుగు అంచు మీద రాళ్ళు పెట్టి మూయకపోతే పురుగులన్నీ కింద నుంచి ఎలా జారిపోతాయో, వేళ్ళు మొద్దుబారే చల్లటి నీళ్ళలో ప్రతి రాయినీ తిప్పి తిప్పి రుద్దడం ఎంత ఓపిక పనో, ఇవి నీళ్ళలో నిలబడితేనే తెలుస్తాయి. వాగులో రాళ్ళ మీంచి నీళ్ళు గలగలా విరుచుకుపడే చోటు వెతకాలి, ఆక్సిజన్ అక్కడే ఎక్కువ, పురుగులూ అక్కడే. కొత్తవాళ్ళు మాత్రం నిలబడటానికి వీలుగా ఉండే నెమ్మది నీళ్ళ వైపే వెళ్ళారు. మోకాలి దాకా నీళ్ళుండి అడుగు కనబడకపోతే పిల్లల్ని దింపలేదు, ముందు రోజుల్లో పెద్ద వాన పడితే ఆ శనివారం మానేశాం.

మొదటి వలకి ఒక చదరపు అడుగు మేర 20 సెకండ్లు. ముందు రాళ్ళు రుద్దాలి, తర్వాత మడమతో అడుగుని తవ్వినట్టు కదిలించాలి. 200 రాకపోతే ఇంకో వల, అలా నాలుగు దాకా. ఎత్తేటప్పుడు అడుగు అంచుని ముందుకి తోస్తూ పైకి లేపాలి, నిలువుగా లేపితే పట్టినదంతా పోతుంది. ఇవన్నీ ఒకరి పక్కన ఒకరు నిలబడి, అవసరమైతే చెయ్యి పట్టుకుని నేర్పాల్సినవే. ఆన్‌లైన్‌లో మొత్తం సర్టిఫికేషన్ అయిపోవాలని అడిగేవాళ్ళకి నేను కచ్చితంగా వద్దంటాను.

తెల్ల బల్ల మీద వల పరిచాక పురుగులు ఏరడం మొదలవుతుంది, డేటా ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. అందరి చేతులూ పెద్ద రొయ్యలాంటి క్రేఫిష్ వైపు, పెద్ద హెల్‌గ్రమైట్ లార్వా వైపు పోతాయి. దారప్పోగుల్లాంటి మిడ్జ్ లార్వాలు వల కన్నాల్లో ఉండిపోతాయి. అవి ఏరకపోతే మంచి పురుగుల శాతం దానంతటదే పెరిగి వాగు ఉన్నదానికంటే ఆరోగ్యంగా కనిపిస్తుంది. అందుకే వలని గళ్ళుగా విడగొట్టి, ఒక గడి మనిషికి ఒకటి ఇచ్చి, ఆ గడి పూర్తిగా ఖాళీ అయ్యాకే లేవాలన్నాం, వల వెనక వైపు కూడా. పెద్దవాళ్ళు ఇక్కడ బంగారం. వాగులో దిగలేని అమ్మమ్మలు మడత కుర్చీల్లో కూర్చుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, ఒక్క మిడ్జ్‌ని కూడా వదలకుండా ఏరారు. పిల్లలకి పది నిమిషాల్లో విసుగొచ్చే పని అది.

ఏరినవి ఐస్ ట్రే గడుల్లో రకాల వారీగా పడ్డాయి, లెన్స్ చేతులు మారింది, ఒకరు చెప్తే ఇంకొకరు మళ్ళీ చూసి ఒప్పుకున్నాకే షీట్ మీద గీత. ఆ రోజు నేను చూసినదాన్ని బట్టి వాదనలన్నీ వల గురించి, చోటు గురించి జరిగాయి, పురుగు పేరు గురించి చాలా తక్కువ. పేర్ల పని చలికాలంలోనే అయిపోయింది. తర్వాత సర్టిఫికేషన్‌కి నేను కాకుండా వేరే ట్రైనర్ వచ్చారు, నేర్పినవాళ్ళే పరీక్ష పెట్టకూడదని నా అభిప్రాయం. పురుగుల గుర్తింపులో పిల్లలు, పెద్దలు బాగా చేశారు. వల పట్టడంలో కొందరిని ఇంకోసారి రమ్మన్నారు, ఆ తీర్పు సరైనదే.

వాగు ఏం చెప్పింది

రెండు చోట్లు ఎంచుకున్నాం. ఒకటి షాపింగ్ సెంటర్ వెనక, వాననీటి పైపు వాగులో కలిసే చోటుకి కింద. రెండోది చెట్లున్న పార్కు మధ్యలో. షాపింగ్ సెంటర్ దగ్గర వల నిండా నెట్‌స్పిన్నర్లు, మిడ్జ్‌లు. స్టోన్‌ఫ్లై వెతికి వెతికి కళ్ళు కాయలు కాశాయి. పార్కులో రాయి తిప్పితే మేఫ్లైలు పరుగెత్తాయి, రాళ్ళకి అతుక్కున్న వాటర్ పెన్నీలు (నాణెంలా బల్లపరుపుగా ఉండే పెంకుపురుగు పిల్లలు) కనిపించాయి, స్టోన్‌ఫ్లైలు తక్కువైనా ఉన్నాయి. షీట్లు వేస్తే మొదటిది బాగాలేని వైపు, రెండోది ఫరవాలేని వైపు వచ్చాయి. ఒక్క వసంతం లెక్కతో వాగు మీద తీర్పు చెప్పకూడదు. సీజన్ మారితే పురుగులు మారతాయి, ఎదిగి రెక్కలొచ్చి ఎగిరిపోయినవి వలలో పడవు. అందుకే ప్రతి సీజన్‌కీ అదే చోట మళ్ళీ దిగాలి.

చలికాలంలో క్లాసులు జరుగుతుండగానే పిల్లలు ఇంకో పని చేశారు. లీగ్ వాళ్ళదే వింటర్ సాల్ట్ వాచ్ అని ఉంది, అడిగితే క్లోరైడ్ (ఉప్పులో ఉండేదే) కొలిచే పట్టీలు ఇంటికి ఉచితంగా పంపుతారు. మంచు పడేముందు, కరిగేటప్పుడు అదే చోట ముంచి రాసుకున్నారు. ఈపీఏ ప్రమాణం ప్రకారం నీటి జీవులకి దీర్ఘకాలంలో లీటరుకి 230 మిల్లీగ్రాముల క్లోరైడ్ హద్దు, ఒక్క గంట దెబ్బకి 860. షాపింగ్ సెంటర్ కింద, మంచు కరిగే రోజుల్లో పట్టీ మొదటి హద్దుని దాటి చూపించింది, పార్కులో దాటలేదు. పార్కింగ్ లాట్‌లో ఉప్పు కుప్పలుగా పోసి వదిలేసిన ఫొటోలు కూడా పిల్లలే తీశారు. పురుగులు తగ్గడానికి ఉప్పే కారణమని మేం రాయలేదు, మా దగ్గర అంత రుజువు లేదు, మట్టి కొట్టుకురావడం, వానకి ఒక్కసారిగా వచ్చిపడే నీళ్ళు కూడా అక్కడే ఉన్నాయి. కొలతలు, ఫొటోలు, తేదీలు మాత్రం ఆ స్థలం చూసుకునే మేనేజర్‌కి, కౌంటీకి ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి ఉత్తరం రాసి పంపింది. ఆ ఉత్తరంలో ఒక్క నింద లేదు, ఎంత ఉప్పు సరిపోతుందో అడిగింది, అంతే. మేనేజర్ కొలతల కాగితం ఇంకో కాపీ అడిగారు. పురుగుల డేటా లీగ్ వాళ్ళ డేటా సైటు క్లీన్ వాటర్ హబ్‌లోకి ఎక్కింది, ఎవరైనా చూడొచ్చు.

మన వైపు

విశాఖ లెక్చరర్ మొదటి నుంచీ అడిగిన ప్రశ్న, ఇది తూర్పు కనుమల వాగుల్లో పనికొస్తుందా అని. జంటల వారీగా నేర్పడం, వీడియో, ఒకేసారి చాట్, గడి గడిగా ఏరడం, ఇవి ఎక్కడైనా పనికొస్తాయి. 32.2, 34.5 లాంటి అంకెలు మాత్రం ఒక్కటి కూడా తీసుకెళ్ళకూడదు. అవి వర్జీనియా రాతి వాగుల కోసం కట్టినవి. తూర్పు కనుమల్లో నీళ్ళు వెచ్చన, వర్షాకాలం వరదలా వచ్చి వేసవిలో మడుగులుగా మిగులుతాయి, స్టోన్‌ఫ్లైలు తక్కువ ఉన్నంత మాత్రాన వాగు చెడిపోయిందని కాదు. మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి సొంతంగా జీవ ప్రమాణాలున్నాయి. కుటుంబం స్థాయిలో గుర్తించి, ఒక్కో కుటుంబానికి 1 నుంచి 10 దాకా సాప్రోబిక్ స్కోరు (కాలుష్యాన్ని ఎంత తట్టుకుంటుందో చెప్పేది), పక్కన వైవిధ్యం స్కోరు వేసి, నీటిని ఏ నుంచి ఈ దాకా ఐదు తరగతులుగా చెప్తారు. మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచి.

తన విద్యార్థులతో ఆమె ఇప్పుడు చేస్తున్నది కూడా అదే. స్కోర్లు వేయడం లేదు. ఒకే వాగులో ఊరికి పైన ఒక చోటు, కింద ఒక చోటు తీసుకుని ఏ కుటుంబాలు దొరుకుతున్నాయో తెల్ల ట్రేలో వీడియోలు తీయిస్తోంది, ఏ రెండు అక్కడి పిల్లల్ని తికమక పెడుతున్నాయో జాబితా రాస్తోంది. ఆ జాబితా మా జాబితాలా లేదు. అక్కడి మేఫ్లై జంటలు వేరు, నత్తలు వేరు, తూనీగ పిల్లలు చాలా ఎక్కువ. వచ్చే చలికాలం క్లాసులు రెండు వైపులా కలిపి నడపాలనుకుంటున్నాం, ఒక వారం మా వీడియోలు, ఒక వారం వాళ్ళవి. సమయం మాత్రం ఆరున్నర నుంచి ఏడుకి జరపమని అడిగింది, విద్యార్థులు హాస్టల్ టిఫిన్ అయ్యాక రాగలరని.